మా అత్త అంగిలి

ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు కణాల సమవిభజన ప్రాక్టికల్ దగ్గర పడిందంటే మా వంటింటి కిటికీలో ఉల్లిపాయలు కొలువు తీరేవి. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. కాలేజీ ల్యాబులో పెడితే సెలవుల్లో నీళ్ళు మార్చే దిక్కుండదు, వేళ్ళు కుళ్ళిపోతాయి. అందుకని ఖాళీ జామ్ సీసాల నిండా నీళ్ళు పోసి, ఉల్లిపాయ అడుగు మాత్రం నీళ్ళకు తగిలేలా సీసా మూతి మీద కూర్చోబెట్టి ఇంట్లోనే పెంచేదాన్ని. కొన్నాళ్ళకు తెల్లటి వేళ్ళు దిగుతాయి. వాటి కొసలు పొద్దున్నే కోయాలి. అప్పుడే కణాలు జోరుగా విడిపోతూ దొరుకుతాయి. బారెడు పొద్దెక్కాక బద్ధకంగా లేచి కోస్తే ఏమీ కనబడదు. ఆ మాట ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో, విన్నవాళ్ళు తక్కువ.

మా అత్తకు ఈ వ్యవహారమంతా వెటకారం.

"పులుసులో ఎయ్యాల్సిన ఉల్లిపాయల్ని సీసాల మీద కూకోబెట్టి పూజ సేత్తన్నాది మా కోడలు" అని గోడ మీదుగా పక్కింటావిడకు చెప్పేది. నాకు వినపడాలనే గట్టిగా చెప్పేది.

ఆవిడది గరివిడి దగ్గర పల్లె. మామ పోయాక ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసింది. అప్పటికి నా కూతురు పాలు మానలేదు. నేను కాలేజీకి పోతే దాన్ని పెంచింది మా అత్తే. చోడి అంబలి, అదే రాగిజావ, తాగించింది, నడక నేర్పింది, బూతులు కూడా నేర్పింది. ఆడపిల్లకు మా వైపు మాట గుంట, దాన్ని అలాగే పిలిచేది. బడికెళ్ళే వయసొచ్చినా ఆ పిల్ల మామ్మ పక్కలో తప్ప పడుకునేది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా అత్త నోరు మంచిదని ఎవరూ అనలేదు గాని, ఊరు మాత్రం ఆవిడతో బాగానే ఉండేది. మా వీధిలో ఎవరింట్లో గొడవైనా తీర్పు చెప్పడానికి ఆవిడనే పిలిచేవాళ్ళు.

ఆ నోటికి ఒకటే అలవాటు. అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి పొగ పీల్చడం. మా వైపు పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు చాలామంది ఇలాగే తాగుతారు. బయటివాళ్ళు చూస్తే ముక్కున వేలేసుకుంటారు, మాకు వింత కాదు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"వానలో వరి ఊడిసినప్పుడు సుట్ట బయటికెట్టుకుంటే తడిసిపోదేటి? నిప్పు నోట్లో ఉంతే సావదు. రెండు సేతులూ పనిలోనే ఉంతాయి" అంది.

ఊడుపులు మానేసి ఎన్నో ఏళ్ళయింది. విజయనగరంలో మా పెరట్లో వాన పడినా రేకుల షెడ్డు ఉంది. అయినా నిప్పు లోపలే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఏదో మాటకు మా అత్త తల వెనక్కి వాల్చి విరగబడి నవ్వింది. అప్పుడు చూశాను. అంగిలి అంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. నా నవ్వు ఆగిపోయింది. నోరు ఇంకోసారి తెరవమన్నాను.

"అదా? అడ్డపొగ తాగినోల్లందరికీ ఉంతాది. మాయమ్మకి ఉండీది, మా అత్తకి ఉండీది. ఆల్లిద్దరూ ముసిలోల్లయి సచ్చినారు గాని అంగుడు వల్ల సచ్చినారేటి?"

ఆవిడ చిన్నప్పటి నుంచీ చూసిన పెద్ద ఆడవాళ్ళందరికీ అంగిలి తెల్లగానే ఉంది. జుట్టు నెరిసినట్టు అదీ వయసుతో వచ్చేదే అనుకున్నారు. నెరిసిన జుట్టు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు? మా ఆయనకు చెబితే "అమ్మతో వాదించి గెలిచినోడు లేడు" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నేను వదల్లేదు. చుట్టలు దాచేశాను, బతిమాలాను, కాలవలో పారేశాను. ఆవిడ నవ్వుకుంటూ సంతకెళ్ళి కొత్తవి తెచ్చుకునేది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండి అత్త సంగతి ఎవరూ చెప్పలేదు.

కాలేజీలో పక్కన పడేసిన పాత సూక్ష్మదర్శిని ఒకటి మా ఇంట్లో ఉండేది. ఒక ఆదివారం పొద్దున్న పిల్లల కోసం స్లైడ్లు తయారు చేస్తున్నాను. ముందే మందులో నానబెట్టిన వేరు కొసను ఆమ్లంలో మెత్తబరిచి, ఎర్ర రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి, పైన సన్నటి గాజు బిళ్ళ వేసి, బొటనవేలితో కదలకుండా అదమాలి. కొంచెం అటూ ఇటూ జారితే కణాలన్నీ చితికిపోతాయి. మా అత్త వచ్చి వెనక నిలబడింది.

"అందులో ఏటున్నాదే? నన్నూ సూడనీ."

అద్దాన్ని కిటికీ వెలుగుకు తిప్పి, కూర్చోబెట్టి చూపించాను. ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూసింది.

"గళ్ళ సీరలాగున్నాది."

"ఆ గళ్ళే కణాలత్తా. గడిలో ఎర్ర దారాలు కనిపిస్తన్నాయా?"

"ఉన్నాయి. ఒక గడిలో నడుమ వరసగా నిలబడ్డాయి. ఇంకో గడిలో సగం ఇటు, సగం అటు ఎల్లిపోతన్నాయి. కొట్టుకున్నాయేటి?"

కొట్టుకోలేదని చెప్పాను. కణం విడిపోయే ముందు తన లోపలున్న ఆ దారాలన్నింటికీ నకలు తీసుకుంటుంది. తర్వాత వాటిని నడిమధ్య వరసలో నిలబెడుతుంది. అన్నీ సరిగ్గా నిలబడ్డాయని తేలేవరకూ ముందుకు పోదు. ఒక్కటి కుదురుకోకపోయినా ఆగుతుంది. అప్పుడు జంటలు విడదీసి చెరో పక్కకూ సమానంగా లాగుతుంది. మధ్యలో గోడ కడుతుంది. ఒక గడి రెండు గళ్ళవుతుంది. క్లాసులో ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అని బోర్డు మీద రాసి చెప్పేదాన్ని పంపకాల భాషలో చెప్పాను. మా అత్తకు పంపకాలు బాగా తెలుసు.

"బానే ఉన్నాది. ఒకటి రెండు పిల్లలయినాది. మరి తల్లేటయినాది?"

"తల్లి వేరే ఉండదత్తా. తల్లే రెండు పిల్లలయిపోయినాది."

"అంతే సచ్చిపోనాదా?"

"సావలేదు. శవమే ఉండదు."

మా అత్త సూక్ష్మదర్శిని నుంచి తల ఎత్తింది. "అదృష్టమంతురాలు. ఎవులికీ మోసీ పని నేదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

దొరికిందే సందని నేను అసలు మాటకు వచ్చాను. నీ అంగిట్లోనూ ఇదే జరుగుతోందన్నాను. చర్మం అడుగు పొరలో కణాలు విడిపోతూనే ఉంటాయి, పుట్టినవాటిలో కొన్ని పైకి వచ్చి, ఎండి, రాలిపోతాయి. నువ్వు నిప్పు పెట్టి కాల్చిన చోటల్లా అవి గబగబా విడిపోయి కొత్త తోలు వేయాలి. కాల్చిన ప్రతిసారీ వేయాలి. పైగా పొగలో ఉన్న విషం ఆ దారాల్నే చెడగొడుతుంది. చెడ్డ దారానికి నకలు తీస్తే నకలూ చెడ్డదే. ఏదో ఒకనాడు ఒక కణం ఆగవలసిన చోట ఆగడం మరిచిపోతుంది. ఇక విడిపోతూనే ఉంటుంది. అదే క్యాన్సరు. ఇంత వివరంగా క్లాసులో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ బుద్ధిగా విన్నది. లేచి వెళ్ళిపోతూ, "కాలిస్తే కొత్త తోలు వత్తాదన్నమాట. నిజమేలే, కాల్సిన గట్టు మీదే గడ్డి బేగి మొలుస్తాది" అంది.

వ్యవసాయం చేసిన మనిషి. మాఘంలో గట్లు కాల్చి, తొలకరికి పచ్చబడటం ఏటేటా చూసిన మనిషి. నేను చెప్పినదాంట్లో ఆవిడ కంటికి ఆనిందీ, మనసుకు పట్టిందీ ఆ ఒక్క ముక్కే. అప్పుడది నాకు చమత్కారంలాగే వినిపించింది.

తర్వాతి ఏడు వానాకాలంలో మా అత్త ఆవకాయ మానేసింది. వేడన్నం చల్లార్చుకుని తినేది. పళ్ళు కదులుతున్నాయంది. అడ్డపొగ మాత్రం పెంచింది. భోజనానికి ముందొకటి, తర్వాతొకటి. ఒకరోజు కాలేజీ నుంచి తొందరగా వచ్చేసరికి రేకుల షెడ్డు కింద కూర్చుని ఉంది. చుట్టను నోట్లో కుడివైపుకు తిప్పి, వేలితో పైకి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని పీలుస్తోంది. కంటి కొసల్లో నీళ్ళు.

"ఏం చేస్తున్నావత్తా?"

చుట్ట తీసి, దాచడానికి కూడా ఓపిక లేనట్టు చూసింది. "పుండయినాది. నిప్పు తగిలిత్తే తిమ్మిరెక్కుతాది, నొప్పి తెలీదు. కొత్త తోలు కూడా వత్తాది. నువ్వే సెప్పినావు కదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చుట్ట లాక్కుని నేలకేసి తొక్కాను. నేను చెప్పిందేమిటి, నువ్వు విన్నదేమిటి అని అరిచాను. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది. మా అత్త తిరిగి ఒక్క మాట అనలేదు. అప్పుడు భయమేసింది. ఆవిడ తిట్టకుండా ఊరుకోవడం నా పెళ్ళయ్యాక అదే మొదలు.

మర్నాడే విశాఖపట్నం తీసుకెళ్ళాం. నోట్లో లైటు వేసి చూసిన డాక్టరు మొహంలో మార్పేమీ చూపించలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించాడు. ఆ పరీక్షల విభాగంలో డాక్టరు ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివిన అమ్మాయి. ఫలితం చెప్పడానికి నన్ను లోపలికి పిలిచింది. చెప్పలేక, "స్లైడు చూస్తారా మేడమ్?" అని అడిగింది. అడిగినందుకు వెంటనే నొచ్చుకుంది. నేను చూస్తానన్నాను.

మా ల్యాబులో పిల్లలు విడిపోతున్న కణం కోసం కళ్ళు కాయలు కాచేలా వెతుకుతారు. వందల కణాల్లో నాలుగో ఐదో దొరుకుతాయి. దొరికినవాళ్ళు "దొరికింది మేడమ్!" అని కేక పెడతారు. మిగతావాళ్ళంతా ఆ బల్ల దగ్గరికి పరుగెడతారు. ఆ సందడి కోసమే నేను ఇన్నేళ్ళుగా ఉల్లిపాయలు పెంచుతున్నాను. ఇక్కడ వెతకనక్కర్లేదు. ఎక్కడ చూసినా విడిపోతున్నాయి. నల్లగా, ఉబ్బిపోయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. నడుమ వరస కట్టకుండానే విడిపోతున్నాయి. ఒక కణంలో దారాలు రెండు వైపులకు కాదు, మూడు వైపులకు లాగబడుతున్నాయి. అలాంటిది ఉంటుందని చదివాను, చూడటం అదే మొదటిసారి. నా ఉద్యోగంలో ఇంత నిండుగా విభజన జరుగుతున్న స్లైడు నేనెప్పుడూ చూడలేదు. అది మా అత్త అంగిలి.

తల ఎత్తలేకపోయాను. ఎత్తితే ఆ అమ్మాయి ముందు ఏడుస్తాను. అందుకని చూస్తూనే ఉన్నాను.

పుండు ఎముకలోకి దిగింది, మెడ గ్రంథులకూ పాకింది. ఆపరేషన్ తట్టుకునే వయసూ ఒళ్ళూ కావన్నారు. కరెంటు పెట్టించాం. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. విడిపోయే కణాన్ని చంపడమే దాని పని, మంచిదా చెడ్డదా అని అది అడగదు. నోటి లోపలి పొర కూడా ఎప్పుడూ విడిపోతూ ఉండేదే కనుక అదీ చచ్చింది. నోరంతా పూసి, పెదవులు పగిలి, గంజినీళ్ళు మింగినా మంటే. రుచి పోయింది. ఉప్పు వేశానో లేదో కూడా తెలియడం లేదని చెప్పేది. చుట్టలు తనంతట తనే మానేసింది. ఇన్నేళ్ళ నా పోరు గెలిచింది, నాకు ఏమాత్రం సంతోషం లేదు. కొన్నాళ్ళు పుండు మానినట్టే అనిపించింది. తర్వాత మెడలో గడ్డ లేచింది. డాక్టరు మా ఆయన్ని పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్ళండి, ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. రుచి తెలియని మనిషికి ఇష్టమైనవి ఏం పెట్టను?

ఇంటికొచ్చాక మా అత్త మారిపోయింది. మంచం వీధి గదిలో వేయించుకుంది. కంచం, గ్లాసు వేరే పెట్టుకుంది, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. వణుకుతున్న చేతులతో తనే కడుక్కునేది. బట్టలు మా బట్టల్లో కలపనిచ్చేది కాదు. నా కూతురు దగ్గరికి వెళితే తిట్టేది.

"దగ్గరికి రాకే గుంటా. పో, అవతలికి పో."

మాట కూడా ముక్కులోంచి వచ్చేది, సగం అర్థమయ్యేది కాదు. ఆ ఒక్క మాట మాత్రం గట్టిగా, తెలిసేలా అనేది. అప్పటికి ఏడో తరగతి చదువుతున్న నా కూతురు గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేది. "మామ్మకి నేనంటే ఇష్టం లేదా?" అని నన్ను అడిగేది. నోరు వాసన వస్తోంది, పరువు గల మనిషి, సిగ్గుపడుతోంది అనుకున్నాను. పిల్లకూ అదే చెప్పి సముదాయించాను. కానీ ఆ మనిషి పిల్లను తోసేయడం చూడలేకపోయేదాన్ని. చావు తప్పదని మాకు తెలిసిపోయింది. ఇలా చావకూడదు, తను పెంచిన పిల్లను వాకిట్లో నిలబెట్టి, ఒంటరిగా చావకూడదు అనుకునేదాన్ని.

చూడటానికి వచ్చిన ఊరి బంధువు ఒకావిడ వెళ్తూ వెళ్తూ, "ఎవులో సిల్లంగి ఎట్టినారు, నేకపోతే ఇలగవుతాదా" అని నిట్టూర్చింది. చేతబడికి మా వైపు మాట అది. నాకు కోపమొచ్చినా నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం మంచం దుప్పటి మారుస్తుంటే మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నిజం సెప్పు. ఇది ఎవులైనా ఎట్టినాదా? బయటి నుంచొచ్చిన పురుగేటి?"

అవునని చెబితే సరిపోయేది. తిట్టుకోవడానికి ఆవిడకు ఒక శత్రువైనా మిగిలేది. కానీ ఆ స్లైడు చూసిన కళ్ళతో నేను అబద్ధమాడలేకపోయాను.

"కాదత్తా. బయటిది కాదు. నీ ఒంటిదే. నీ కణాలే దారి తప్పినాయి."

కళ్ళు మూసుకుంది. ఎంత కఠినంగా మాట్లాడానా అని నామీద నాకే అసహ్యం వేసింది. చచ్చిపోతున్న మనిషికి, నీ ఒళ్ళే నిన్ను తింటోందని చెప్పడానికా నేను చదువుకుంది?

"పురుగు కాదా?" అంది మళ్ళీ, కళ్ళు తెరవకుండానే.

"కాదు."

"అంతే అంటుకోదా?"

వేరే కంచం, వేరే గ్లాసు, పిల్లను తరమడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. "ఎవులికీ అంటుకోదత్తా" అన్నాను.

"నాను సచ్చినాక అదేటవుతాది? నా ఒంట్లోంచి ఎగిరొచ్చి గుంటకి పట్టదా?"

"పట్టదు. నీ రగతం ఉన్నన్నాల్లే దానికి కూడు. నువ్వు నేకపోతే అదీ నేదు. నీతోటే పోతాది."

"నీ సదువు మీద ఒట్టా?"

"ఒట్టు."

మా అత్త నా చెయ్యి వదిలింది. గుమ్మం వైపు చూసింది. "గుంటేది? బడి నుంచొచ్చినాదా?"

పిలిచాను. నా కూతురు స్కూలు యూనిఫారంలోనే వచ్చి, మళ్ళీ తిడుతుందేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మా అత్త గోడవైపుకు జరగడానికి చాలాసేపు కష్టపడింది. నేను సాయం పట్టబోతే వద్దంది. పక్కన చోటు చేసి, అరచేత్తో దుప్పటి సర్దింది.

"ఏటలగ సూత్తావు? వొచ్చి పడుకో. మీయమ్మ ఒట్టేసినాది. ఇది నాదేనట. నీకు రాదట."